నీరుగంటి సంతకం

ఆ కాలువను చంపింది మీరే. రెండు రాజధానుల్లో చల్లటి గదుల్లో కూర్చొని, ఎగువవాడి వాటా ఎంత, దిగువవాడి వాటా ఎంత అని ఇరవై ఏళ్లుగా వాయిదాల మీద వాయిదాలు ఈడ్చింది మీరే. పగబట్టిన దేశాలు సరిహద్దు మీద ఫిరంగులు పెట్టుకున్నట్టు మీరు ఏటికి అడ్డంగా గోడలు పెట్టుకుంటున్నారు. టీఎంసీలంటారు, క్యూసెక్కులంటారు. మీ వకీళ్లు కోర్టులో గొంతులు చించుకుంటారు. వాళ్లలో ఒక్కడైనా ఆ ఏట్లో దిగి పిడికెడు ఇసుక పట్టి చూశాడా? తడిగా ఉందో పొడిగా ఉందో చూసి రాసిన కాగితం మీ ఫైళ్లలో ఒక్కటుందా? లేదు. కాగితం చూసి కాగితం రాయడమే మీకు తెలిసిన పని.

ఊరి తప్పు లేదా అంటే, ఉంది. దాచేదేమీ లేదు. కాలువ ఎండిపోయిందని మొదట రాసిచ్చింది ఊరే. ఆ కాగితం మీద నలభై రెండు ఇళ్ల వేలిముద్రలున్నాయి. వాటన్నిటి కింద, అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ఉన్న సంతకం ఐజాక్‌ది.

చిలమత్తూరు దాటి సరిహద్దు వైపు పోతే దిగువ మరవపల్లి. ఏటి వెంబడి ఇంకో రెండు మైళ్లు పైకి నడిస్తే ఎగువ మరవపల్లి. దిగువది ఆంధ్రలో ఉంది, ఎగువది కర్ణాటకలో ఉంది. రెండు ఊళ్లలోనూ మాట్లాడేది ఒకటే తెలుగు, తినేది ఒకటే సంగటి. మధ్యలో ఒక హద్దు రాయి. దాని మీద అటు కన్నడంలో, ఇటు తెలుగులో ఏదో చెక్కి ఉండేది. గొర్రెలు ఒళ్లు రుద్దుకొని రుద్దుకొని రెండూ అరిగిపోయాయి.

ఆ ఏరు ఏడాదిలో పది రోజులు పారితే గొప్ప. అయితే పైన ఎండినా ఇసుక కింద నీళ్లు నడుస్తూనే ఉంటాయి. ఎగువన ఇసుకలో లోతుగా తవ్వి ఆ ఊటను పట్టి, ఏటి వాలు కంటే తక్కువ వాలుతో కాలువ తీసుకుంటూ వస్తే, రెండు మైళ్ల కింద ఆ నీళ్లే నేల మీదికి ఎక్కుతాయి. దాన్నే ఊట కాలువ అంటారు. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. కావాల్సింది మనుషులు. ఏరు వచ్చిపోయినప్పుడల్లా కాలువ ఇసుకతో పూడుతుంది. ఏటా ఎండాకాలంలో ఇంటికొకరు పార పట్టుకొని పోయి ఆ పూడిక తియ్యాలి. దిగువ మరవపల్లి కాలువకు తల పరాయి రాష్ట్రంలో ఉంది, కడుపు ఈ రాష్ట్రంలో ఉంది. అదే దాని పాపం.

ఆ నీళ్లను పొలాల్లో కయ్య కయ్యకూ, మడి మడికీ పంచేవాడు నీరుగంటి. ఐజాక్ తాత నీరుగంటి, నాయన నీరుగంటి, ఐజాక్ నీరుగంటి. వాళ్లకు గుంటెడు భూమి లేదు. భూమి లేనివాడైతేనే నీళ్లు సమంగా పంచుతాడని పాతవాళ్ల లెక్క. లెక్క బాగానే ఉంది. ఆ లెక్క చెప్పి మూడు తరాల వాళ్లను భూమి లేకుండానే సాగనంపారు.

ఎగువ ఊరి నీరుగంటి మునెప్ప. తాటిచెట్టంత మనిషి. ఐజాక్ అతని భుజం దాకా కూడా రాడు. పొద్దు పొడిచినప్పటి నుంచి మనిషి నీడ మూడు పాదాలకు తగ్గేదాకా నీళ్లు ఎగువ ఊరివి, ఆ తర్వాత దిగువ ఊరివి. ఎవరి నీడను వాళ్లే తమ పాదాలతో కొలుచుకునేవారు. పొడుగు మనిషికి నీడా పొడుగే, పాదమూ పొడుగే. పొట్టివాడికి రెండూ పొట్టివే. అందుకని ఇద్దరికీ లెక్క ఒకటే వచ్చేది. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఇప్పుడు ఉపగ్రహాలు పెట్టి కొలుస్తున్నారు, ఏ రెండు లెక్కలూ కలవడం లేదు.

పద్నాలుగేళ్ల కిందట సబ్సిడీ బోర్లు వచ్చాయి. వానను నమ్ముకున్న మెట్ట భూములకే ఇస్తామన్నారు. కాలువ కింద ఉన్న భూములకు లేదన్నారు. ఊళ్లో పెద్ద రైతు బాలప్ప ఒక కాగితం రాయించాడు. ఊట కాలువ పదేళ్లుగా పూర్తిగా ఎండిపోయింది, కాబట్టి మా భూములన్నీ మెట్టే అని. రైతులందరూ గుర్తులు పెట్టారు. కాలువ సంగతి నీరుగంటి చెప్తేనే చెల్లుతుందని ఆఫీసులో అన్నారట. ఐజాక్‌కు కబురు వచ్చింది.

ఎప్పట్లాగే పోయి బాలప్ప ఇంటి మెట్ల దగ్గర నిలబడ్డాడు. బాలప్ప లోపలికి కేక వేసి కుర్చీ తెప్పించాడు. నీలం రంగు ప్లాస్టిక్ కుర్చీ. వసారాలో, తన కుర్చీ పక్కనే వేయించాడు.

"రా ఐజాకూ, పైకి రా. కూర్చో. నీ మాట మీదనే ఉండాది ఇప్పుడు ఊరంతా" అన్నాడు.

ఆ వసారా ఎక్కడం ఐజాక్‌కు అదే మొదలు. అతని నాయన ఎక్కలేదు, తాత ఎక్కలేదు. తనకంటే పదేళ్లు చిన్నవాడైన బాలప్పను అన్నా అని పిలుస్తూ మెట్ల కింద నిలబడే వయసంతా గడిచింది. కుర్చీ అంచున కూర్చొని కాగితం చదివాడు. చదవడం వచ్చు. పెళ్లయ్యాక భార్య సువార్త బైబిలు మీద వేలు పెట్టించి నేర్పింది. నిదానంగా, పెదాలు కదుపుతూ, మొత్తం చదివాడు. అబద్ధమని తెలిసింది. తెలిసే పేనా అడిగాడు. వేలిముద్రల కింద, నాలుగు అంగుళాల మేర, తన పేరు రాశాడు.

ఇంటికి పోయాక సువార్త అడిగింది.

"ఏమి రాసుండాది దాంట్లో?"

"కాలువ ఎండిపోయిందని."

"ఎండినాదా?"

"లేదు."

ఆమె సంగటి ముద్ద ముందర పెట్టి, పులుసు పోసి, ఎదురుగా కూర్చుంది. అతను సగం ముద్ద తినేదాకా చూసింది.

"కుర్చీ ఎట్లుండాదయ్యా? మెత్తగా ఉండాదా?" అంది ఆఖరికి.

అంతే. మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఆరేళ్ల కింద ఆమె పోయింది. చివరి దినాల్లో కూడా ఎత్తలేదు. అదే అతనికి పట్టుకుంది. తిట్టి ఉంటే పోయేది.

బోర్లు వచ్చాక కాలువ ఎవడికీ పట్టలేదు. మునెప్ప కూడా చనిపోయాడు. ఐజాక్ మాత్రం ఏటా మే నెలలో పార, గంప తీసుకొని హద్దు దాటి పోయి, కాలువ తల దగ్గర ఒక్కడే ఇసుక తీసి వచ్చేవాడు. నీళ్లు కయ్యలదాకా రావని తెలుసు. రెండు వందల అడుగుల కాలువ తీసి, ఊట కళ్లబడగానే చెయ్యి పెట్టి చూసుకొని, తిరిగి వచ్చేవాడు. ఎందుకు పోతావని ఊళ్లో ఎవరూ అడగలేదు. అడిగేంత పలకరింపు కూడా ఎవరూ మిగల్చలేదు. నీళ్ల వంతు కోసం పొద్దున్నే తలుపు తట్టే రోజుల్లో ఆ ఇంటి ముందు పదిమంది ఉండేవారు. ఇప్పుడు ఆదివారం చర్చిలో పాస్టరు చెయ్యి కలిపితే, వారానికి ఒక మనిషి చెయ్యి తగిలినట్టు లెక్క.

ఈ ఏడు మే నెల మొదట్లో కాలువల శాఖ ఇంజినీరు ఆనంద్ బాలప్ప ఇంటికి వచ్చాడు. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగిన కుర్రాడు. మంచివాడే. మంచివాళ్లకు మన ఆఫీసుల్లో ఉండే బలం ఎంతో, అంతే ఉంది. ఐజాక్‌ను కూడా పిలిపించారు. నీలం కుర్చీ అక్కడే ఉంది. ఐజాక్ కూర్చోలేదు. మెట్ల దగ్గరే నిలబడ్డాడు.

"గురువారం పొద్దున పదకొండు గంటలకు ఉమ్మడి తనిఖీ పెద్దాయనా. కోర్టు వేయించింది" అన్నాడు ఆనంద్. "మీ కాలువ తలకు కొంచెం పైన వాళ్లు గోడ కడుతున్నారు. మామూలు గోడ కాదు, కింద రాయి తగిలేదాకా దించుతారు. ఇసుక కింద నడిచే నీళ్లు కూడా ఆగిపోతాయి. పాత కాలువ ఏదైనా బతికి ఉంటే దాని కోసం గోడ అడుగున తూము వదలాలని కోర్టు చెప్పింది. చచ్చిపోయి ఉంటే వదలక్కర్లేదు."

"మా కాలువ బతికే ఉండాది సార్" అన్నాడు ఐజాక్.

ఆనంద్ సంచిలోంచి ఒక నకలు తీసి చూపించాడు. "వాళ్లు కోర్టులో వేసింది ఇది. మీ కాగితమే. సమాచార హక్కు కింద మన ఆఫీసులోనే అడిగి తీసుకున్నారు."

ఐజాక్ తన అక్షరాలను చూసుకున్నాడు. నకలులో కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి.

ఆనంద్ జీపు కదిలాక బాలప్ప గొంతు తగ్గించాడు. అతనికి మూడు బోర్లు. రెండు ఎండిపోయాయి, మూడోది ముసలాడు ఉమ్మినట్టు ఉమ్ముతోంది. తోటలో దానిమ్మ చెట్లు ఆకు ముడిచాయి. ఇప్పుడు అతనికి కాలువ కావాలి.

"ఐజాకూ, ఒగటే దారి ఉండాది. ఆ సంతకం నాది గాదని చెప్పు. ఎవురో దొంగ సంతకం పెట్టినారని చెప్పు. మా రైతులకు ఏమి తెలుసు, నీరుగంటి పెట్టినాడు గదా అని మేమూ పెట్టినామంటాము. నీ సంతకమే దొంగదైతే కాగితం కొట్టుకపోతాది."

"సంతకం నాదే గదన్నా."

"నీదేలేప్పా, నాకు తెలీదా? నిజం చెప్తే ఏమైతాదో తెలుసా? అబద్దం చెప్పి బోర్లు తీసుకున్నారని ఊరంతటి మీద కేసు పెడతారు. నలభై రెండు ఇండ్లు. ఆ పాపం నీకే చుట్టుకుంటాది."

ఐజాక్ తల గోక్కున్నాడు. "ముందు కాలువ తియ్యాల గదన్నా. నీళ్లు హద్దు రాయి దాటినాయంటే ఇంగ కాగితంతో పనేముంది? తల కాడ్నుంచి రాయి దాకా అరమైలు. నలభై మంది వస్తే మూడు దినాలు."

"చాటించు. వస్తారు. రాకుండా యాడికి పోతారు?"

చాటించాడు. నాయన నాటి తప్పెట అటక మీంచి దించి, ఎండుటాకులు మంట వేసి వేడి చేసి, సాయంత్రం వీధి వీధీ తిరిగాడు. "రేపు కాలువ పనీ! ఇంటికొక మనిషీ!" అని అరిచాడు. ఆ అరుపులో ఒకప్పుడు ఊరు మొత్తం కదిలేది. పార లేనివాళ్లు అరువు తెచ్చుకునేవారు. మనిషిని పంపని ఇంటికి ఒక వంతు నీళ్లు తప్పించే కట్టుబాటు ఉండేది. ఇప్పుడు టీవీ గొంతు తగ్గించి, ఎవరబ్బా అని కిటికీలోంచి చూసి, మళ్లీ పెంచుకున్నారు. ఒకడు హిందూపురంలో ఫ్యాక్టరీ షిఫ్టు ఉందన్నాడు. ఒకడు నడుము నొప్పన్నాడు. ఇంకొకడు నవ్వుతూ, "ఎండిపోయిందని నువ్వే గదప్పా రాసిచ్చినావు? ఎండిన కాలవలో మాకేమి పని?" అన్నాడు. ఐజాక్ తప్పెట కొట్టుకుంటూ పక్క వీధికి పోయాడు.

పొద్దున్నే ఏటి ఒడ్డున పార పక్కన పెట్టుకొని నిలబడ్డాడు. పొద్దు బారెడు ఎక్కింది. ఒక మనిషి వస్తూ కనబడింది. ఈశ్వరి. గొర్రెలు మేకలు కాసే ఇంటి కోడలు. ఐజాక్‌కు ప్రాణం లేచి వచ్చింది.

"వచ్చినావా తల్లీ! పార తెచ్చుకోలేదా?"

"కాలవకా? నేను మేక కోసం వచ్చినా పెద్దనాయనా. నల్లది. ఇట్ల ఏమైనా పోయినాదా?"

మేక ఇటు రాలేదని చెప్పాడు. ఆమె ఒక అడుగు ముందుకు వేసి ఆగింది. పార వైపు చూసింది, ఏటి వైపు చూసింది. "నువ్వు ఒగనివే పోతాండావా?" అంది. ఐజాక్ పార భుజాన వేసుకున్నాడు. "మేక దొరికితే వస్తా" అని పోయింది. మేక దొరికిందో లేదో, ఆమె రాలేదు.

హద్దు దాటి కాలువ తలకు పోయాడు. పైన గోడ కోసం పునాది తవ్వుతున్నారు. ఎత్తిన మట్టిని సగం కాలువ తల మీదే పోశారు. ఒడ్డున మిషన్లు ఊరికే నిలబడి ఉన్నాయి. తనిఖీ అయ్యేదాకా పని ఆపమన్నారట. రెండు రాష్ట్రాల మధ్య ఇరవై ఏళ్ల గొడవ వచ్చి ఒక ముసలాడి పార ముందు ఆగింది.

తవ్వాడు. ఇసుకలో తవ్వకం మట్టిలో తవ్వకం లాంటిది కాదు. ఒక గంప తీస్తే రెండు గంపలు జారి పడతాయి. అందుకే పక్కలకు కంప కొట్టి, తుంగ దూర్చి, దాన్ని కాలితో తొక్కి గోడలా నిలబెట్టాలి. ఒకరు తవ్వాలి, ఒకరు ఎత్తాలి, ఇద్దరు కంప తొక్కాలి. అన్నీ తానే. తవ్వి, పార గుచ్చి, గంప ఎత్తి, ఒడ్డున పోసి, దిగి, కంప తొక్కి, మళ్లీ పార. తనతో తానే మాట్లాడుకున్నాడు. "పట్టుకో బావా." "పట్టుకున్నా, ఎత్తు." రెండు గొంతులూ తనవే. మొదటి రోజు మధ్యాహ్నానికి అది కూడా మానుకున్నాడు. గొంతు ఎండిపోతోంది.

రెండో రోజు మునెప్ప భార్య బయమ్మ వచ్చింది. మునెప్పను బావా అనేవాడు కాబట్టి ఆమె అక్క. డెబ్బై దాటింది, నోరు మాత్రం ఇరవై దగ్గరే ఆగింది. దిగువ నుంచి కాలువ తియ్యడానికి వచ్చేవాళ్లకు ఎగువ ఊరు సంగటి పెట్టడం పాత కట్టుబాటు. తల తెరుచుకుంటే ముందు తడిసేది ఎగువ కయ్యలే గదా. ఆ కట్టుబాటును ఇప్పుడు బయమ్మ ఒక్కతే మోస్తోంది.

"ఏమప్పా, ఆంధ్రా అంతటికీ నువ్వొగనివే మిగిలినావా?" అని ఒడ్డు మీంచి అరిచింది. "మిగతా మొగోళ్లంతా యాడ సచ్చినారు?"

"పనులుండాయంట అక్కా."

"ఉంటాయిలే, టీవీ ఎవురు చూస్తారు మల్ల?" టిఫిను డబ్బా దించి, ఊరిబిండి పచ్చడి వేసి సంగటి చేతిలో పెట్టింది. అతను తింటుంటే కాలువలోకి తొంగి చూసింది. "తడి వచ్చిండాదే."

"రేపటికి ఊట పడతాది."

"ఐజాకూ, ఒగ మాట. గురువారం నేను రాను. నా కొడుకు ఆ గోడ కాడ వాచ్‌మన్‌గా చేరినాడు. దిగువోళ్లకు కూడు పెడ్తాండాదంట గదా, నీ తల్లిని ఇంట్లో పెట్టుకో అని వాళ్ల మేస్త్రీ అన్నాడంట వానితో. ఆ పని పోతే వానికి ఇంగోటి లేదు."

"రావద్దులే అక్కా."

"రాకుండా ఉంటే నాకేమన్నా బాగుంటాదనుకుంటావా?" ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "మీ బావ ఉంటే వచ్చుండు. ఇద్దురూ నీడలు తొక్కుకుంటా కొట్లాడుంటారు."

"మేము ఎప్పుడూ కొట్లాడలేదు గదా."

"అదేనప్పా. మనుషులన్నాక రోంత కొట్లాడల్ల. మీరు కొట్లాడుంటే ఊరోళ్లు చూసేకి వచ్చుందురు. వచ్చుంటే కాలవ ఏందో తెలిసుండు."

ఆమె పోయాక ఐజాక్ కంప తొక్కుతూ ఆ మాటే తలుచుకున్నాడు. తర్వాత మళ్లీ తవ్వాడు. వేరే ఏం చేస్తాడు?

మూడో రోజు ఊట పడింది. మొదట ఇసుక రంగు మారింది, తర్వాత మెరిసింది, తర్వాత పాదం గుంటలో నీళ్లు నిలిచాయి. సాయంత్రానికి మోకాలి దాకా వచ్చి కదలడం మొదలుపెట్టాయి. నాలుగో రోజంతా ఆ నీళ్ల ముందు నడుస్తూ దారి తీశాడు. రెండు వందల అడుగులు వచ్చాయి. ఆ తర్వాత పద్నాలుగేళ్ల పూడిక. అక్కడికి వచ్చిన నీళ్లు వచ్చినట్టే ఇసుకలోకి ఇంకిపోతున్నాయి. హద్దు రాయి అరమైలు దూరంలో కనబడుతూనే ఉంది. దాని మీద ఒక కాకి వాలి ఉంది. ఐజాక్ చేతుల్లో బొబ్బలు పగిలి పార కర్రకు అంటుకుంటున్నాయి. ఇంకో ముప్ఫై తొమ్మిది మంది కావాలి. ఒక్కడు కూడా లేడు.

గురువారం పదకొండుకు కార్లు వచ్చాయి. ఆ వైపు నుంచి మూడు, ఈ వైపు నుంచి ఒకటి. ఎగువ రాష్ట్రం పెద్ద ఇంజినీరుకు ఒకడు గొడుగు పట్టాడు. ఆనంద్ నెత్తిన ఫైలు అడ్డం పెట్టుకున్నాడు. బాలప్ప తెల్ల చొక్కా వేసుకొని నలుగురు రైతులతో వచ్చాడు. కాలువ తీయడానికి రానివాళ్లు, తనిఖీ చూడడానికి వచ్చారు. అందరూ ఒడ్డు మీదే నిలబడ్డారు. ఐజాక్ కింద, నీళ్లలో ఉన్నాడు.

"నీళ్లుండాయి, మేము లేదనము" అన్నాడు ఎగువ ఇంజినీరు. ఆయనదీ తెలుగే. "కానీ ఈ నీళ్లు మా రాష్ట్రంలో పుట్టి మా రాష్ట్రంలోనే ఇంకిపోతాండాయి. హద్దు దాటింది ఒగ చుక్క కూడా లేదు. ఇంగ ఇది దిగువోళ్ల కాలవ ఎట్లయితాది? వాళ్ల కాగితంలో కూడా అదే రాసిండాది." నకలు తీసి గాలికి ఎగరకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. "అజ్జా, నువ్వేనా ఐజాక్? ఈ సంతకం నీదేనా?"

బాలప్ప గట్టిగా దగ్గాడు. "చెప్పు ఐజాకూ. భయపడొద్దు. నీది గాకపోతే గాదని చెప్పు."

నది మొత్తం ఆ ముసలాడి నోటి మీద వచ్చి నిలబడింది. కాదంటే కాగితం చెల్లదు. ఊరికి కేసు తప్పుతుంది, గోడకు తూము వస్తుందేమో కూడా. ఒక్క మాట చాలు. అబద్ధాలు చెప్పి బతికిన ఊళ్లో ఇంకొక అబద్ధం ఎవరికి బరువు? కానీ ఆ మొదటి అబద్ధం ఎట్లా మొదలైందో ఐజాక్‌కు తెలుసు. అది కూడా ఊరి మేలు కోసమే అన్నారు. అది కూడా ఒక్క సంతకమే అన్నారు. ఈరోజు తన పేరు తనది కాదంటే, రేపు ఈ నీళ్లు నేను తవ్వినవే అన్నా ఎవడు నమ్ముతాడు? దొంగ సంతకాల ఊరి మాట ఏ కోర్టు వింటుంది?

"నాదే సార్" అన్నాడు.

బాలప్ప మొహం మాడింది.

"అంటే కాలవ ఎండిపోయిందని నువ్వే ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నా. అది అబద్దం. ఆ పొద్దు కూడా కాలవ పారతానే ఉండాది. చదివే పెట్టినా. చదివేకి వచ్చు నాకు."

"అబద్దమని తెలిసి ఎందుకు పెట్టినావు?"

ఐజాక్‌కు అది కొత్త ప్రశ్న కాదు. ఇన్నేళ్లూ రోజూ తన్ను తాను అడుక్కున్న ప్రశ్నే. జవాబు తెలుసు. గొడుగు కింద నిలబడినవాడికి చెప్తే అర్థమయ్యే జవాబు కాదు.

"బోర్ల కోసం ఊరు అడిగింది, పెట్టినా. తప్పు నాది" అన్నాడు.

"నోరు ముయ్‌రా!" బాలప్ప ఒడ్డు మీంచి ఒక్క అరుపు అరిచాడు. "ఊరంతటినీ జైల్లో ఏయిస్తావా? ఇంగ నీకు ఊళ్లో నీళ్లు ముట్టేదానికి లేదు, చూసుకో!"

"ఊళ్లో నీళ్లు యాడుండాయన్నా ముట్టేకి?" అన్నాడు ఐజాక్. ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. వెనక నిలబడిన రైతుల్లో ఒకడు తల దించుకున్నాడు. మిగతావాళ్లు బాలప్పతో పాటు కార్ల వైపు నడిచారు. కాసేపటికి ఆ తల దించుకున్నవాడు కూడా పోయాడు.

ఎగువ ఇంజినీరు గడియారం చూసుకున్నాడు. "అయిపోయింది గదా. కాలవ వాడకంలో లేదు అని రాస్తాం. ఆనంద్‌గారూ, మీరూ సంతకం పెట్టండి."

ఆనంద్ పేనా తీశాడు. ఐజాక్ వైపు చూశాడు. పేనా కాగితం మీద ఆన్చలేదు, ఎత్తలేదు.

ఐజాక్ పార నీళ్లలో గుచ్చి, కంప కట్ట పట్టుకొని, జారుతూ జారుతూ ఒడ్డు ఎక్కాడు. పంచెలోంచి నీళ్లు కారుతున్నాయి. గొడుగు పట్టినవాడు అడ్డం రాబోతే పక్కకు తప్పించి, ఇద్దరు ఇంజినీర్ల నడుమ నిలబడ్డాడు. జీవితంలో ఏ ఆఫీసరు ముందూ అంత దగ్గరగా నిలబడలేదు.

"వాడకంలో లేదని రాయొద్దు సార్. తీసేవాళ్లు లేరని రాయండి. అది వేరే, ఇది వేరే. మనుషులు రాకపోవడం మా ఊరి సిగ్గు. దాన్ని ఏటి మీద రుద్దొద్దు. నాలుగు దినాలు ఒగ ముసలోడు తవ్వితే మోకాలి లోతు వచ్చిండాది, అది రాయండి. దిగువూరి నీరుగంటి అబద్దం చెప్పినానని ఒప్పుకున్నాడు, అది కూడా రాయండి. కేసు పెడతారా, పెట్టండి, నా పేరు మీద పెట్టండి. వస్తా. నాకు ఇంట్లో ఎవురూ లేరు, యాడికైనా వస్తా. కానీ ఆ గోడ మీ అమ్మలక్కలు, మా అమ్మలక్కలు తాగే నీళ్లకు అడ్డం పోతాంది. దాని అడుగున తూము పెట్టండి. తలుపు పెట్టి, బీగమేసి, రెండు రాష్ట్రాలూ తలా ఒగ బీగంచెయ్యి పెట్టుకొని మల్లా ఇరవై ఏండ్లు కోర్టుకు పోతామంటే కుదరదు. తలుపు లేని తూము. ఒగ మనిషి ఒంగి దూరేంత. ఈ పొద్దే, ఈ ఇసకలో నిలబడే రాయండి. ఇద్దురూ రాయండి. రాసి నా చేతికియ్యండి, నేను చదువుకుంటా. చదివినాకనే మీరు బండ్లు ఎక్కల్ల."